భుజం తట్టేదాకా

అక్టోబరు 7, మంగళవారం

పొద్దున అక్క మంచం పక్కన నీళ్ల గ్లాసు నిండుగానే ఉంది.

అక్క లేవగానే మాత్ర వేసుకుని సగం గ్లాసు తాగుతుంది. మిగతా సగం కిటికీలో మొక్కకు పోస్తుంది. కుండీలో వేలు పెట్టి చూశాను. మట్టి పొడిగా ఉంది.

ఏమీ అడగలేదు. డ్యూటీకి టైమ్ అవుతోందని నాకు నేనే చెప్పుకున్నాను. అసలు కారణం అది కాదు. అడిగితే జవాబు వస్తుంది.

అదే రోజు, సాయంత్రం

అడిగాను. మానేశాను అంది, జడ అల్లుకుంటూ. ఆదివారం నుంచే మానేసిందట.

ఆదివారం మా చర్చిలో స్వస్థత కూటం జరిగింది. వేరే ఊరి నుంచి ఒక ప్రసంగీకుడు వచ్చాడు. అందరూ ఆయన్ని బ్రదర్ అంటారు, మా పాస్టరుగారు కూడా. అక్కకు చిన్నప్పటి నుంచీ మూర్ఛ. బ్రదర్ ఆమె తల మీద చెయ్యి పెట్టి, పోయింది చెల్లెమ్మా, ఇక రాదు, మాత్రలు మానేసి వెళ్లి నీ బతుకు నువ్వు బతుకు అన్నాడు. అక్క ఏడ్చింది. అమ్మ ఏడ్చింది. అందరూ ఏడుస్తుంటే నేనూ ఏడ్చాను.

మాత్రలేం చేశావని అడిగాను. కాలవలో వేశాను, ఇక మన కాలవలో చేపలకు మూర్ఛ రాదు పో అంది. నవ్వింది. అక్క నవ్వితే ఇల్లంతా నవ్వాల్సిందే. నాకు మాత్రం పెదాలు కదల్లేదు.

అమ్మకు ముందే తెలుసు. దాని విశ్వాసం దానిది చిన్నీ, నువ్వు నోరు చేసుకోకు అంది వంటింట్లోంచి. నేను నోరు చేసుకోవడం ఈ ఇంట్లో ఎవరైనా చూశారా?

మాత్ర ఉన్నట్టుండి మానకూడదని డాక్టరమ్మ చెప్పింది. మానితే మునుపటికన్నా గట్టిగా వస్తుందట. నీళ్ల దగ్గరకీ మంట దగ్గరకీ ఒంటరిగా పంపొద్దంది. ఆవిడ అది చెప్పిన రోజు అక్క పక్కన ఉన్నది నేనే. అమ్మ బయట బెంచీ మీద కూర్చుంది.

ఈ పూట అక్క గడియ పెట్టుకుని స్నానం చేసింది. ఇన్నేళ్లూ తలుపు దగ్గరగా వేసుకునేది, అమ్మ బయట స్టూలు మీద కూర్చునేది. గడియ పెట్టుకోవద్దని మెల్లగా అన్నాను. ఇంతదాన్నయ్యాను, ఒక్కనాడైనా గడియ పెట్టుకోనిచ్చారా మీరు, నాకు దొరికిన స్వస్థత ఆ గడియేనే ముసలమ్మా అంది.

నన్ను ముసలమ్మా అనే పిలుస్తుంది. నాకన్నా మూడేళ్లు పెద్దది.

గడియ పడిన చప్పుడు ఇంకా చెవిలో ఉంది.


అక్టోబరు 8, బుధవారం

మందుల ఫ్యాక్టరీలో నా పని చూడటం. ఇంజెక్షన్ మందు నింపిన చిన్న గాజు సీసాలు, వయల్స్, ట్రేలో వస్తాయి. ఎదురుగా సగం నలుపు, సగం తెలుపు ఉన్న బోర్డు, పైన ట్యూబ్‌లైటు. వయల్ మెడ పట్టుకుని గుండ్రంగా తిప్పి, నలుపు ముందు ఒకసారి, తెలుపు ముందు ఒకసారి చూడాలి. తెల్ల నలుసు నలుపు మీద దొరుకుతుంది, నల్ల నలుసు తెలుపు మీద. గాలిబుడగ కూడా నలుసులాగే మెరుస్తుంది. కాస్త ఆగితే బుడగ పైకి పోతుంది, నలుసు కిందికి దిగుతుంది.

కళ్లు అలిసిపోకుండా మధ్యమధ్య బెల్ కొడతారు. అందరం చేతులు ఒళ్లో పెట్టుకుని కళ్లు మూసుకుంటాం. అద్దం బయటి నుంచి చూసేవాళ్లకు ప్రార్థన కూటంలా ఉంటుంది.

నాణ్యత చూసే క్యూఏ వాళ్లు మాకు చెప్పకుండా చెడ్డ వయల్స్ కొన్ని కలుపుతారు, ఎవరు మెలకువగా ఉన్నారో తెలుసుకోవడానికి. ఈరోజు నేను ఒకటి వదిలేశాను. ఇదివరకెప్పుడూ వదల్లేదు. సూపర్‌వైజర్ మేడమ్ అందరి ముందూ, దుర్భిణీ, నువ్వే ఇలా అయితే మేమంతా కళ్లు ఎవరి దగ్గర అరువు తెచ్చుకోవాలి అంది. ఈ కళ్లజోడు వల్ల ఇక్కడ నా పేరు దుర్భిణి. అందరూ నవ్వారు.

అందులో ఉన్నది గాజు రవ్వ. నేను చూశాను. చూసి బుడగ అనుకున్నాను. అది కూడా నిజం కాదు. బుడగ అయితే బాగుండు అనుకున్నాను.


అక్టోబరు 9, గురువారం

కళ్లజోడు స్క్రూ వదులైంది. మెషీన్ల దగ్గరుండే మెకానిక్ అన్నను స్క్రూడ్రైవర్ అడిగాను. ధైర్యం కూడగట్టుకోవడానికి టీ టైమంతా పట్టింది. ఆయన సన్నది తీసి ఇచ్చాడు. ఇంతకన్నా పెద్దది ఉందా అన్నాను. కళ్లజోడుకా తల్లీ, లారీకా అన్నాడు. పెద్దదే ఇచ్చాడు. తిరిగివ్వకపోతే కళ్లజోడు జప్తేనట.

సాయంత్రం అమ్మా అక్కా స్త్రీల కూటానికి వెళ్లారు. తలనొప్పి అని నేను ఇంట్లోనే ఉండిపోయాను.


అక్టోబరు 10, శుక్రవారం

అక్క పాడింది.

మాత్రల వల్ల నాలుక మందంగా ఉంటుందని ఎప్పుడూ అనేది. మాట నోటిదాకా వచ్చి దారి తప్పుతుందట. డోసు పెంచాక పాట గుంపులో మొదటి వరుస నుంచి చివరి వరుసకు మార్చారు. నొప్పించకుండానే మార్చారు, అక్క పొడుగు కదా, వెనకైతే బాగుంటుందన్నారు. ఆ రోజు ఇంటికొచ్చి, ఉన్నట్టుండి నేను పొడుగైపోయానే అని నవ్వింది. తర్వాత ఇంట్లో కూడా పాడటం మానేసింది.

ఈరోజు స్నానాల గదిలో పాడింది. గొంతెత్తి, చరణాలు ఒక్కటీ మర్చిపోకుండా. అమ్మ చేతిలో గిన్నెతో తలుపు బయటే నిలబడిపోయింది. చెంపల మీద నీళ్లు. ఇంకేం కావాలే నీకు అంది నన్ను చూసి.

నిజమే. నాకింకేం కావాలి?

బుడగా, నలుసా? ఆగి చూడాలి. ఆగి చూసేంత టైమ్ ఇస్తారా ఎవరైనా?


అక్టోబరు 11, శనివారం

చెంచా కింద పడినా పరుగెత్తుతున్నాను. చెంచాయే పడింది.


అక్టోబరు 12, ఆదివారం

చైన్ ప్రేయర్ ప్రకటించారు. బ్రదర్ ఫోన్ చేసి పాస్టరుగారికి చెప్పాడట. అక్క స్వస్థతకు ముద్ర పడాలంటే వారం రోజులు ప్రార్థన తెగకూడదు. వచ్చే ఆదివారం అక్క ముందుకొచ్చి సాక్ష్యం చెప్పాలి. ఒకరు గంటసేపు మోకరిస్తే, గంట కాగానే వెనకవాళ్లు వచ్చి అందుకుంటారు. ప్రార్థన గది గోడకు పాస్టరుగారి చేతిరాతతో పాత రూలు ఉంది: వెనక వచ్చేవారు భుజం తట్టేదాకా లేవరాదు. దానికి బ్రదర్ ఇంకో మాట కలిపాడు. గొలుసులో ఏ లింకు లేచిపోతే ఆ సందులోంచి శత్రువు దూరతాడట.

నాకు పొద్దున ఆరు నుంచి ఏడు, డ్యూటీకి ముందు. నా తర్వాత మా వీధి టైలరమ్మ. ఆవిడ మోకాళ్లు అరిగిపోయాయి. తన పెళ్లికి కూడా ఆలస్యంగానే వెళ్లిందని అమ్మ అంటుంది.

ప్రార్థన గది మా ఇంటి వెనకే. మధ్యలో ప్రహరీ, దానికి చిన్న గేటు. మా స్నానాల గది వెంటిలేటర్ ఆ వైపే ఉంటుంది. అక్క పాడితే ఆ గదిలోకి వినపడుతుంది.

కాన్వెంట్‌లో మాకు పాఠం చెప్పిన మదర్ కళ్లు మూసుకుని ప్రార్థన చేసేది కాదు. మేం మూసుకోవాలి, ఆవిడ తెరిచే ఉంచేది. ఎవరో అడిగితే, ఇంతమంది కోతులున్న గదిలో కళ్లు మూసుకోమని దేవుడు నాకు చెప్పలేదు అంది. అప్పుడు నవ్వుకున్నాం.

నేను ఏమని ప్రార్థించాలి? స్వస్థత నిజం చెయ్యి ప్రభువా అంటున్నాను. వెంటనే, దానితో మాత్ర వేయించు అంటున్నాను. ఈ రెండూ ఒక నోట్లోంచి ఎలా వస్తున్నాయో తెలియడం లేదు. నా భయమే అవిశ్వాసమేమో. నా భయం వల్లే దానికి మళ్లీ వస్తుందేమో. ఇది ఎవరినీ అడగలేను.


అక్టోబరు 13, సోమవారం

మొదటి గంట. మాటలు నిలవలేదు. అక్క స్నానానికి వచ్చింది, పాట మొదలుపెట్టింది. పాట వినపడుతున్నంతసేపూ ప్రాణం ఉన్నట్టే కదా. ఆమె ఊపిరి తీసుకోవడానికి ఆగిన చోటల్లా నా ఊపిరి ఆగింది.

నేను చేసింది ప్రార్థనా, కాపలానా?

టైలరమ్మ ఆలస్యంగా వచ్చి భుజం తట్టింది. ఏమ్మా, చెమటలు పట్టేంత ప్రార్థన చేశావే, దేవుడికి కూడా పట్టి ఉంటాయి అంది.


అక్టోబరు 14, మంగళవారం

టిఫిన్ దగ్గర అక్క చెయ్యి ఉలిక్కిపడింది. చెయ్యి మాత్రమే. కప్పు ఎగిరి టీ ఒలికింది. మూర్ఛ వచ్చే ముందు రోజుల్లో ఎప్పుడూ ఇలాగే జరిగేది.

అమ్మ చూడలేదు. నేను చూశాను. నేను చూశానని అక్క చూసింది.

ఆ చూపు ఇదివరకెన్నడూ అక్క ముఖంలో చూడలేదు. అద్దంలో చూశాను, నాలో. అమ్మ గుడ్డ తేవడానికి లేస్తే, చెప్పకు అని పెదాలతోనే అంది.

తర్వాత గదిలో కాళ్లు పట్టుకున్నంత పని చేశాను. ఒక్క మాత్ర, అక్కా, ఎవరికీ తెలియదు. తెలియకపోవడమేంటే, నాకు తెలియదూ అంది. ఊరంతా నాకోసం గంటలు పంచుకుని మోకరిస్తుంటే నేను చాటుగా మాత్ర మింగి, ఆదివారం స్టేజీ ఎక్కి ఏమని చెప్పను? మళ్లీ చివరి వరుసలోకి పొమ్మంటావా? ఆదివారం దాకా ఆగవే. ఆదివారం అయ్యాక చూద్దాం.

ఆగమంటోంది. నా పనే ఆగడం. నాకే ఆగడం చేతకావడం లేదు.


అక్టోబరు 15, బుధవారం

నిన్న సాయంత్రం పాత చీటీ చూపించి మందుల షాపులో మాత్రలు తెచ్చాను. ఒకటి గ్లాసు పక్కన పెట్టాను. పొద్దున అది నా దిండు మీద ఉంది, కాగితంలో చుట్టి. కాగితం మీద కళ్లజోడు పెట్టుకున్న ముసలమ్మ బొమ్మ గీసింది.

నవ్వొచ్చింది. అంతలోనే ఏడుపొచ్చింది.


అక్టోబరు 16, గురువారం. ఆస్పత్రి కారిడార్, మధ్యాహ్నం

అక్క బతికి ఉంది. ముందు అది రాయాలి. అక్క బతికి ఉంది.

పొద్దున నా గంట. మోకరించాను. అక్క స్నానానికి వచ్చింది. కుళాయి తిప్పిన చప్పుడు, గడియ చప్పుడు, పాట. రెండో చరణం. ఆ చరణంలో మూడో లైను దగ్గర అక్క ఎప్పుడూ గొంతు పైకెత్తుతుంది. ఎత్తింది. లైను సగంలో ఆగిపోయింది.

కుళాయి ఆగలేదు.

ఊపిరి కోసం ఆగిందనుకున్నాను. ఆగి చూశాను. ఎంతసేపో తెలియదు. ఎదురుగా గోడ మీద రూలు ఉంది. టైలరమ్మ ఇంకా రాలేదు. ప్రభువా పాడించు, ప్రభువా పాడించు అన్నాను. కుళాయి చప్పుడు మారింది. తొట్టి నిండి నీళ్లు పొర్లుతున్న చప్పుడు.

లేచాను. ఎవరూ భుజం తట్టలేదు. చెప్పులు వేసుకోలేదు. చిన్న గేటు, పెరడు, వెనక తలుపు. అమ్మ పాలకు వెళ్లింది. స్నానాల గది తలుపు కింద నుంచి నీళ్లు వస్తున్నాయి. అక్కా అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. భుజంతో తోశాను. తెరుచుకుంది.

అక్క తొట్టి గట్టు మీద బోర్లా పడి ఉంది. తల నీళ్లలో. ఒళ్లంతా కొట్టుకుంటోంది. నా బరువెంత, అక్క బరువెంత? జుట్టు పట్టుకుని లాగాను. నేల మీద పక్కకు తిప్పి పడుకోబెట్టాను, డాక్టరమ్మ చూపించినట్టు. పెదాలు నీలంగా ఉన్నాయి. నోట్లోంచి నీళ్లు వచ్చాయి, తర్వాత ఇంకా నీళ్లు, తర్వాత దగ్గు. అంత అందమైన దగ్గు నేను వినలేదు.

అమ్మ వచ్చింది. పాలగిన్నె ఎక్కడ పడిందో తెలియదు. పక్కింటాయన ఆటోలో తెచ్చాడు.

నుదుటి మీద కుట్లు. ముందు పన్ను ఒకటి విరిగింది. ఊపిరితిత్తుల్లో నీళ్లు చేరాయి, కనిపెట్టుకుని ఉండాలన్నారు. మాత్రలు ఎప్పుడు మానిందని డాక్టరమ్మ అడిగింది. అమ్మ నేల చూసింది. నేను చెప్పాను. ఆవిడ అరవలేదు. ఫైలు మూసి, ఇంకోసారి ఇలా తెస్తే నేను చేయగలిగింది ఏమీ ఉండకపోవచ్చు అంది. అరిచినా బాగుండేది.

నా కాళ్లకు చెప్పులు లేవని ఇప్పుడు చూసుకున్నాను.


అక్టోబరు 17, శుక్రవారం

నా చెప్పులే నన్ను పట్టిచ్చాయి.

నిన్న టైలరమ్మ వచ్చేసరికి ప్రార్థన గది ఖాళీ. చాప ఉంది, గుమ్మంలో నా చెప్పులు ఉన్నాయి, నేను లేను. ఆవిడ చెడ్డది కాదు. వెంటనే మోకరించిందట. కానీ కంగారులో తర్వాతి గంటవాళ్లతో అంది, వాళ్లు ఇంకొకరితో అన్నారు. సాయంత్రానికి బ్రదర్‌కు తెలిసింది.

బ్రదర్ అమ్మకు ఫోన్ చేశాడు. లింకు తెగింది తల్లీ, ఆ సందులోంచే దూరాడు అన్నాడట. మీ చిన్నమ్మాయి లేవకపోయుంటే వచ్చేదే కాదన్నాడట. మళ్లీ మొదటి నుంచి చైన్ పెట్టాలి, ఈసారి దృఢమైన వాళ్లతో. ఇంటికొచ్చాక ఆ చైన్ పూర్తయ్యేదాకా అక్క మాత్ర ముట్టకూడదట.

అమ్మ ఇదంతా నాకు చెప్పింది. తిట్టలేదు. నా ముఖం వైపు చూడకుండా, పాట ఆగాకే లేచావు కదా చిన్నీ అని మాత్రం అడిగింది.

అవును అన్నాను. గట్టిగా అనలేకపోయాను.

ఎందుకంటే ఆలోచిస్తున్నాను. కాళ్లు లేచింది పాట ఆగాక. మనసు ఎప్పుడు లేచింది? ఆ గంటలో నేను దేవుడి మాట వినలేదు, కుళాయి చప్పుడు విన్నాను. సోమవారం నుంచీ అంతే. మోకాళ్లు చాప మీద, చెవులు వెంటిలేటర్ దగ్గర. అలాంటి లింకు ఉన్నట్టా, లేనట్టా? బ్రదర్ చెప్పిందే నిజమైతే? నేనే సందునైతే?

డ్యూటీకి వెళ్లలేదు. ఇప్పుడు వయల్ పట్టుకుంటే అన్నింటిలోనూ నలుసులే కనపడతాయి.


అక్టోబరు 18, శనివారం

పాస్టరుగారు ఆస్పత్రికి వచ్చారు. నా చెప్పులు కాగితం సంచిలో పెట్టి తెచ్చారు. 

కారిడార్ బెంచీ మీద నా పక్కన కూర్చున్నారు. ఒక చెవి సరిగా వినపడదు ఆయనకు, వినపడే చెవి నా వైపు తిప్పి, ఏం విన్నావు తల్లీ అని అడిగారు. పాట ఆగిపోవడం విన్నాను అన్నాను.

తల ఊపారు. తర్వాత, ఆ రూలు ఎవరు రాశారో తెలుసా అన్నారు. మీరే కదా అన్నాను. ఎందుకు రాశానో తెలుసా? మీ నాన్న వల్ల రాశాను అన్నారు. మొదటిసారి చైన్ ప్రేయర్ పెట్టినప్పుడు నాన్న తన గంట మధ్యలో టీ తాగడానికి జారుకున్నాడట. వెనకతను వచ్చి చూస్తే గదిలో పిల్లి తప్ప ఎవరూ లేరట. ఆ పిల్లిని మోకరింపజేశావా అని నాన్నను నెల రోజులు ఏడిపించారట. టీ కోసం రాశానమ్మా ఆ రూలు, దేవుడేమీ చెప్పలేదు అన్నారు.

నాన్న పోయి చాలా ఏళ్లయింది. నాన్న గురించి కొత్త సంగతి ఒకటి విన్నాను.

కాపలా పెట్టేది చూడటానికి కదా, చూసి కూర్చోవడానికి కాదు కదా అన్నారు పాస్టరుగారు. ఆ తర్వాత ఆయన గొంతు తగ్గింది. ఆ రోజు బ్రదర్ మాత్రలు మానమన్నప్పుడు నాకూ గుండె గుభేల్‌మంది, అడ్డం పడితే విశ్వాసం లేని పాస్టరంటారని భయపడ్డాను, నీకైనా కాళ్లు ఆడాయి తల్లీ, నాకు నోరే ఆడలేదు అన్నారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

వెళ్తూ అమ్మతో, ఆ బ్రదర్ ఈసారి ఫోన్ చేస్తే నాకివ్వు, నా వినపడని చెవి దగ్గర పెట్టుకుంటాను అన్నారు. అమ్మ నవ్వింది. మొన్నటి నుంచి మొదటిసారి.

ఆయన మాట నిజమని నా తలకు తెలుసు. మనసుకు ఇంకా తెలియడం లేదు.


అక్టోబరు 21, మంగళవారం

అక్కను ఇంటికి తెచ్చాం. విరిగిన పన్ను వల్ల మాటలో ఈల వస్తోంది. ఇప్పుడు పాడితే ఫ్లూట్ కూడా అక్కర్లేదే అంది. పాడలేదు మాత్రం.

ఆస్పత్రిలో మందు సెలైన్‌లో పోయింది, నర్సు చేత్తో వేసింది. ఇంట్లో ఎవరి చెయ్యి వాళ్లదే. డాక్టరమ్మ రాసిన మాత్రల డబ్బా బల్ల మీద ఉంది. అక్క దాని వైపు చూడటం లేదు. నర్సు వేసినంతవరకూ సరే, నా చేత్తో నేను వేసుకుంటే మాత్రం నా స్వస్థత అబద్ధమని నేనే ఒప్పుకున్నట్టు అంది. అంత ఏడ్చాను కదే ఆ రోజు, ఆ ఏడుపంతా ఏమైనట్టు అంది. ఈల వస్తోంది కాబట్టి నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు.

సాయంత్రం డోసు వేసుకోకుండానే గడిచిపోయింది. గ్లాసు నిండుగా ఉంది.

మళ్లీ మొదటికి వచ్చాం.


అక్టోబరు 22, బుధవారం. పొద్దున ఆరు

ఎవరూ గంట ఇవ్వలేదు. నాకు నేనే తీసుకున్నాను. ప్రార్థన గదిలో కాదు, మా పెరట్లో, వెంటిలేటర్ కింద, బట్టలుతికే రాయి మీద. కళ్లు తెరిచే ఉంచాను. ఒకటే మాట. మింగించు ప్రభువా. మింగించు. వినేదాకా అడుగుతాను. విసుక్కుంటే విసుక్కో.

అక్క ఇవాళ తలుపు దగ్గరగా వేసుకుని, పాడకుండా స్నానం చేసింది. మగ్గుతో నీళ్లు పోసుకునే చప్పుడు మాత్రం ఒక్కొక్కటీ వినపడింది.


అక్టోబరు 22, సాయంత్రం

అమ్మ స్నానాల గది కడుగుతూ కేక పెట్టింది. పరుగెత్తాను. ఏమీ కాలేదు. గడియ దూరే రేకు చేతిలో పట్టుకుని నిలబడి ఉంది. ఆ రోజు నుంచీ అది తొట్టి వెనక పడి ఉంది.

ద్వారబంధం మీద చెయ్యి వేసి తడిమింది. చూడవే, కర్ర చీలలేదు, పెచ్చు లేవలేదు, ఎవరో ఒద్దికగా తీసి పెట్టినట్టుంది అంది. నువ్వు ఇంత బలంగా తోశావా అని నన్ను అడిగింది. ఇంత తోశాను అని చూపించాను. అంత మాత్రానికి ఈ గడియ ఊడుతుందా, మీ నాన్న కట్టించిన తలుపు ఇది అంది. స్క్రూలు వెతికింది. తూము దగ్గర కూడా లేవు.

అమ్మ ఆ తడి నేల మీదే మోకాళ్ల మీద కూలబడింది. దేవదూతే అంది. దేవదూతే వచ్చి తీశాడు. స్క్రూలతో సహా పట్టుకుపోయాడు.

అక్క గుమ్మంలో నిలబడి వింటోంది. వచ్చి, రేకు చేతిలోకి తీసుకుని, కంతల్లోంచి వెలుతురు చూసింది. చిన్నప్పుడు గాజుముక్కల్లోంచి చూసేది అలాగే. తీశాడంటే నన్ను పోనివ్వడం ఇష్టం లేకనే కదమ్మా అంది. అంత దూరం నుంచి వచ్చి స్క్రూలు ఊడదీసి నన్ను బతికిస్తే, నేను మాత్ర మింగనని మొండికేస్తే బాగుంటుందా. ఈల వచ్చింది. నవ్వింది. నవ్వుతూనే గదిలోకి వెళ్లింది.

డబ్బా మూత చప్పుడు. గ్లాసు చప్పుడు.

నేను గోడకు ఆనుకున్నాను. 


అక్టోబరు 24, శుక్రవారం

రోజూ వేసుకుంటోంది.

డ్యూటీకి వెళ్లాను. కలిపిన చెడ్డ వయల్స్ అన్నీ పట్టుకున్నాను. దుర్భిణి తిరిగొచ్చింది అంది సూపర్‌వైజర్ మేడమ్. మెకానిక్ అన్న చెయ్యి చాపి, నా సామాను ఏదమ్మా అన్నాడు. ఇచ్చేశాను. కళ్లజోడు బాగైందా అని అడిగాడు. బాగైంది అన్నాను.


అక్టోబరు 26, ఆదివారం

అక్క బదులు అమ్మ సాక్ష్యం చెప్పింది. రేకును చేతిరుమాల్లో చుట్టి తెచ్చి ఎత్తి చూపించింది. చర్చి అంతా ఏడ్చింది. టైలరమ్మ అందరికన్నా గట్టిగా ఏడ్చి, వచ్చి నన్ను కావలించుకుంది. పాస్టరుగారు రేకును కళ్లకు దగ్గరగా పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. తర్వాత నా వైపు చూశారు. వందనాలు ప్రభువా అని మాత్రం అన్నారు.

అక్క లేచి, మాత్ర వేసుకుంటూనే ఉంటాను, దేవుడు తలుపు తీసింది నేను బతకాలని కదా అంది. తర్వాత చివరి వరుసలోకి వెళ్లి నిలబడి పాడింది. ఒకటి రెండు మాటలు దారి తప్పాయి. పన్ను సందులోంచి ఈల వచ్చింది. నేను ప్రతి లైనూ చివరిదాకా విన్నాను.

అందరూ ఆమెన్ అన్నారు. నాకు నోరు రాలేదు. నోరు తెరిస్తే ఇంకేదైనా వస్తుందేమోనని భయమేసింది.


అక్టోబరు 27, సోమవారం

గ్లాసు సగం ఉంది. కుండీ మట్టి తడిగా ఉంది.

రేకు స్క్రూలు నాలుగూ నా కాన్వెంట్ నాటి జామెట్రీ బాక్సులో ఉన్నాయి. వాళ్లిద్దరూ కూటానికి వెళ్లిన గురువారం సాయంత్రం తీసి, రేకును సబ్బుముక్కతో అతికించాను.